సీసా రంగుల మడుగు

అతన్ని ఆఫీసులో కొంగ అనేవాళ్ళు. ఆరడుగుల మీద ఇంకో అంగుళం మనిషి. పొడుగాటి మెడ ముందుకు సాచి, కంప్యూటర్ తెర మీదికి వంగి, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేవాడు. ఉన్నట్టుండి మౌసు మీద టక్కున ఒక్క నొక్కు. చేప దొరికిందన్నమాట. ఆ పేరు పెట్టింది ఫోన్లెత్తే అమ్మాయి. వారం తిరక్కుండానే బాస్ కూడా అందుకున్నాడు. అతనికి కోపం రాలేదు. నిజం కొంగల్ని చూడటానికి ఆదివారం పొద్దున అలారం లేకుండానే లేచిపోయే మనిషికి ఆ పేరు తిట్టెలా అవుతుంది?

అడ్వర్టైజింగ్ ఆఫీసది. కింద టైర్ల షాపు, పైన మూడు గదులు. మెట్లెక్కుతున్నంతసేపూ రబ్బరు వాసన, ఎక్కాక వేడెక్కిన ప్రింటర్ వాసన. ఇళ్ళు కట్టి అమ్మే కంపెనీలే అక్కడి క్లయింట్లు. వాళ్ళకి బ్రోషర్లు చేసిపెట్టడం ఇతని పని. పేరుకి గ్రాఫిక్ డిజైనర్ గానీ, ఇరవై రెండేళ్ళు అతను చేసింది ఒకటే, పచ్చ పెంచడం. ఫొటోలో ఎండిన బీడుంటే దాని మీద గడ్డి పరవాలి. ముళ్ళకంపలు తుడిచేసి నీడ చెట్లు నాటాలి. మురిక్కాలవని సెలయేరు చెయ్యాలి. ఏ చెట్టు ఎన్నేళ్ళకి పెరుగుతుందో అతనికి బాగా తెలుసు. ఆఫీసులో మాత్రం పదకొండు నిమిషాల్లో పెంచేవాడు.

"ఇంకాస్త పచ్చ కొట్టు కొంగా," అనేవాడు బాస్ వెనక నిలబడి.

"ప్రపంచంలో ఏ ఆకూ ఈ రంగులో ఉండదు సార్."

"ఉండదు కాబట్టే కొంటారు. ఉన్నదాన్ని చూపించడానికి బ్రోషరెందుకు, కిటికీ చాలదూ?"

అతను నవ్వేవాడు. నవ్వి, ఇంకాస్త కొట్టేవాడు.

అతని ఆదివారాలన్నీ ఊరి చివరి మడుగువి. బస్సు డిపో గోడ దాటగానే మొదలయ్యేది. చెరువంటే చెరువు కాదు, పొలమంటే పొలం కాదు. మోకాల్లోతు నీళ్ళు, మనిషెత్తు జమ్ము, మధ్యమధ్య నల్లటి బురద తిన్నెలు. దాన్ని చూసి ఎవరూ అబ్బ అనరు. డిపోవాళ్ళు వాడేసిన ఇంజన్ ఆయిలు అందులోనే పారబోసేవాళ్ళు. అయినా నీటికోళ్ళు పిల్లల్ని వెంటేసుకుని జమ్ములో తిరిగేవి. విరిగిన కర్ర మీద లకుముకిపిట్ట వచ్చి వాలేది. అతను గోడెక్కి కూర్చుని, నోటుపుస్తకంలో పెన్సిల్‌తో గీసుకునేవాడు. ఫొటో మాత్రం తీసేవాడు కాదు. వారమంతా ఫొటోల చేత అబద్ధాలాడించేవాడికి ఆదివారం వాటి మీద నమ్మకమెలా కుదురుతుంది?

భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. రోజుకి యాభై మంది చేతుల్లో సూది గుచ్చే మనిషి. ఆవిడ మాటా అంతే, నొప్పి తెలిసేలోపు పని అయిపోయేది.

"ఏమండీ, ఆ కొంగలకి మీరెవరో తెలుసా?"

"తెలీదు."

"నాకు తెలుసు కదా. ఒక్క ఆదివారం నన్ను చూస్తూ కూర్చోవచ్చుగా."

"నువ్వు కదులుతావు."

"కదలకపోతే ఈ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?" అని టిఫిన్ డబ్బా అతని చేతిలో పెట్టి తలుపేసుకునేది. పిల్లల్లేరు. ఆ విషయం గురించి ఇద్దరూ ఏనాడో మాట్లాడుకోవడం మానేశారు. ఇలాంటి దెప్పుళ్ళతోనే ఇల్లు నిండుగా ఉండేది.

ఒక సోమవారం బాస్ బల్ల మీద మ్యాపు పరిచాడు. మధ్యలో ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టిన జాగా. ఒక పక్క బస్సు డిపో. అతను చూడగానే గుర్తుపట్టాడు, అమ్మ మొహం గుర్తుపట్టినట్టు.

"పన్నెండు బ్లాకులు. పేరు కూడా పెట్టేశారు, లేక్ వ్యూ."

"పూడ్చేసి కదా సార్ కట్టేది?"

"అవును."

"మరి వ్యూ?"

"అది నువ్విస్తావు."

వద్దనొచ్చు. అనలేదు. ఒంట్లో బాగోలేదని వారం సెలవు పెట్టొచ్చు, పక్క సీటువాడికి తోసెయ్యొచ్చు, ఏమీ చేతకాకపోతే చెత్తగానైనా చెయ్యొచ్చు. అవేవీ చెయ్యలేదు. పైపెచ్చు జన్మలో చెయ్యనంత బాగా చేశాడు. ఎందుకంటే ఆ జాగా గురించి అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. బ్రోషర్ అట్ట మీదికి బొమ్మ దొరక్కపోతే తన నోటుపుస్తకమే తీశాడు. కర్ర మీద లకుముకిపిట్ట పేజీని స్కాన్ చేసి, రంగులేసి, దాని వెనకాల పన్నెండు బ్లాకుల్ని లేతగా నిలబెట్టాడు. పిట్ట నీలాన్ని రెండింతలు పెంచాడు, జమ్ముని మూడింతలు. ఎవరూ అడక్కుండానే పెంచాడు. చేతికి అలవాటైపోయింది.

పునాది తవ్వకముందే ఫ్లాట్లన్నీ బుక్కయిపోయాయి. "పిట్టని చూసి పడ్డారయ్యా జనం," అని బాస్ వీపు తట్టాడు. ఆ తట్టింది నెలరోజులు అక్కడే ఉన్నట్టుండేది అతనికి, చొక్కా విప్పినా పోయేది కాదు.

లారీలు దిగిన ఆదివారం వెళ్ళి చూశాడు. జమ్ము మీద ఎర్రమట్టి గుమ్మరిస్తున్నారు. నీటికోడి ఒకటి మట్టికుప్పెక్కి, అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు వేస్తోంది, బస్సు తప్పిపోయినవాళ్ళలాగా. ఒక లారీ డ్రైవరు బీడీ ముట్టించుకుంటూ వచ్చి పలకరించాడు.

"ఏ బ్లాకు సార్ మీది?"

"ఏంటి?"

"ఫ్లాటు. బుక్ చేసినవాళ్ళు ఆదివారం వచ్చి ఇలాగే చూస్తూ నిలబడతారు లెండి. కంగారు పడకండి, రెండు నెలల్లో పూడ్చేస్తాం."

మర్నాడు బాస్ గదిలోకెళ్ళి పని మానేస్తున్నానని చెప్పాడు.

"ఎవడిస్తానన్నాడు ఎక్కువ?"

"ఎవరూ లేరు సార్. నీటిరంగులేసుకుంటాను."

బాస్ కాసేపు పేపర్‌వెయిట్ తిప్పాడు. చెడ్డవాడేం కాదు. "నలభై ఆరేళ్ళొచ్చాక పుట్టే పిచ్చికి మందుండదు కొంగా. సరే, నీ ఇష్టం. ఆ అటక మీద పాత ఆర్టిస్టులు వదిలేసిన రంగు సీసాలున్నాయి, పట్టుకుపో. అటకన్నా ఖాళీ అవుతుంది."

చేత్తో పోస్టర్లు వేసే కాలం నాటివవి. డజనున్నర బుడ్డి సీసాలు. మూత తిప్పితే లోపల నీలం, కన్ను చెదిరే నీలం. లేబుల్ మీద 'అచ్చుకి వెళ్ళే బొమ్మల కోసం' అని చిన్న అక్షరాలు. ఇరవై రెండేళ్ళు అచ్చుని నమ్ముకుని బతికిన మనిషికి ఆ మాట మెప్పులాగే వినపడింది. అట్టపెట్టెలో సర్దుకుని, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఇంటికి తెచ్చుకున్నాడు.

భార్య ఆ పెట్టె వంకా అతని వంకా చూసింది.

"వేసి?"

"మడుగుని వేస్తాను. మొత్తం. ఎక్కడ ఏముండేదో అక్కడ పెడతాను. ఈ చేత్తోనే కదా అమ్మాను."

"నీళ్ళున్న మడుగుకే దిక్కులేదు. కాగితం మీదది నిలబడుతుందా?"

"కాగితం మీదికి లారీ ఎక్కదు."

ఆవిడ బియ్యం డబ్బా మూత పెట్టి, చేతులు దులుపుకుంది. "మూడేళ్ళు," అంది. "ఇల్లు నా జీతంతో నడుస్తుంది మూడేళ్ళు. ఆ తర్వాత కొంగలో, నేనో మీరే తేల్చుకోండి."

వెనక బాల్కనీకి రేకులు కొట్టించి గది చేసుకున్నాడు. బట్టలారేసే తీగ మాత్రం అలాగే ఉండిపోయింది, బొమ్మల మధ్య భార్య దుపట్టాలు వేలాడేవి. ఆవిడ ల్యాబు నుంచి సూది లేని సిరంజీలు తెచ్చిచ్చింది, నీళ్ళు చుక్కలెక్కన వేసుకోవడానికి. పని మాత్రం ఒక పట్టాన లొంగలేదు. తెర మీద తప్పు చేస్తే వెనక్కెళ్ళడానికి రెండు మీటలుంటాయి. నీటిరంగుకి వెనక్కి లేదు, పడిందంటే పడిందే. మొదటి నాలుగు నెలలు గీత తప్పినప్పుడల్లా అతని ఎడమచేతి వేళ్ళు రెండు గాల్లో ఆ మీటల కోసం తడుముకునేవి. ఇంకో చిక్కు తెలుపు. తెలుపు పుయ్యకూడదు, వదిలెయ్యాలి. కొంగని వెయ్యాలంటే కొంగ చుట్టూ ఉన్న ప్రపంచమంతా వేసి, కొంగ జోలికి మాత్రం వెళ్ళకూడదు. ఖాళీ కనిపిస్తే చాలు ఏదో ఒకటి నింపే వృత్తి చేసినవాడికి అది కడుపుకోతే.

అయిదో నెలలో పెద్ద బొమ్మకి దిగాడు. రెండు చేతులూ చాపినంత వెడల్పు. డిపో గోడ మీద నుంచి చూస్తే మడుగు ఎలా కనపడేదో అలా, ఈ చివర నుంచి ఆ చివరిదాకా. చెయ్యింకా తిరగలేదు. ఒక మూల నీళ్ళెక్కువై రంగు కారింది. కానీ లారీలొచ్చి ఎన్నాళ్ళో కాలేదు, కళ్ళు మూసుకుంటే ఏ తిన్నె ఏ రంగో కనపడేది. బురదకి గోధుమరంగు చాల్లేదు, సీసాల్లో ఆ రంగు లేనేలేదు, పుస్తకాల షాపుకెళ్ళి చవక ట్యూబొకటి తెచ్చి కానిచ్చాడు. పూర్తయ్యాక భార్యని పిలిచాడు. ఆవిడ తడి దుపట్టా తీగ మీద వేస్తూ, "ఇదా? ఇంత మురికిగా ఉండేదా?" అంది. అతనికి ఆ పూటంతా కాళ్ళు నేల మీద ఆనలేదు. మురికిగానే ఉండేది మరి.

తర్వాతి ముప్ఫై బొమ్మలూ చిన్నవి. ఒక్కో పిట్ట, ఒక్కో జమ్ముదుబ్బు. వాటి దగ్గరే అతను తప్పటడుగు వేశాడు, డిజైనర్ మాత్రమే వెయ్యగల అడుగు. బొమ్మ వెయ్యగానే స్కానర్‌లో పెట్టేవాడు. తెర మీద చూసుకునేవాడు. తెర మీద బాగుంటేనే బాగున్నట్టు. అక్కడ రంగు చప్పగా కనపడితే సీసాలోంచి ఇంకో చుక్క వేసేవాడు, మళ్ళీ స్కాన్ చేసేవాడు. ఫైలు దాచే ముందు చెయ్యి దానంతటదే వెళ్ళి ఓ పిసరు పచ్చ పెంచేది. కాగితాన్ని మాత్రం నల్ల కవర్లో చుట్టి సొరుగులో పడేసేవాడు. అతని లెక్కలో అసలు బొమ్మ తెర మీదది, కాగితం చిత్తుప్రతి. పెద్ద బొమ్మనీ నల్ల కవర్లో చుట్టి అటకెక్కించాడు గానీ, అది ఆ స్కానర్‌లో పట్టలేదు. అలా అదొక్కటి తప్పించుకుంది.

మూడో ఏడు నిండుతుండగా లైబ్రరీ పై హాల్లో ప్రదర్శన పెట్టాడు. ముప్ఫై ఒక్క బొమ్మల్లో పంతొమ్మిది పోయాయి. జనం వచ్చి, "ఆహా, నీలమంటే ఇదీ," అన్నారు. భార్య ల్యాబు యూనిఫాంలోనే వచ్చి ఒక మూల నిలబడింది. ఎవరో అడిగితే "మా ఆయనే" అంది. ఇంకొకరికి అడక్కుండానే చెప్పింది. పెళ్ళయిన కొత్తలో కూడా ఆవిడ నోట ఆ మాట అంత గొంతుతో రాలేదు.

ఆ పంతొమ్మిదిలో పెద్ద బొమ్మని లేక్ వ్యూ కంపెనీవాళ్ళే అడిగారు, ఒకటో బ్లాకు కింద హాల్లో పెడతామని. అతను తటపటాయించాడు. చివరికి ఇచ్చేశాడు. కాళ్ళ కింద ఏముండేదో అక్కడుండేవాళ్ళకి తెలియాలిగా అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. తనకి తాను సర్దిచెప్పుకోవడంలో అతనిది పాత చెయ్యే. పేరు కింద 'చిత్రకారుడు' అని కార్డులు కొట్టించుకున్నాడు. అమ్ముడుపోని పదకొండు బొమ్మల్నీ... అంటే పన్నెండు, ఒకటి భార్య తీసుకుని వంటగదిలో పెట్టుకుంది... ఇంటి గోడలకి తగిలించాడు.

పద్నాలుగు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కళ్ళ డాక్టరమ్మ గుమ్మంలో నిలబడింది, చంకలో బొమ్మ. ప్రదర్శనలో లకుముకిపిట్టని కొన్నది ఈవిడే.

"ముందు నా కళ్ళకే ఏదో అయిందనుకున్నానండీ," అంది కూర్చుంటూ. "ఒక కన్ను మూసి చూశాను, రెండోది మూసి చూశాను. ఆ పైన పేషంట్లు మొదలెట్టారు, మీ గదిలో బూడిదరంగు పిట్ట బాగుందండీ అని. ఇద్దరికి రంగులు కనపడటం లేదని చీటీ కూడా రాసేశాను. పాపం వాళ్ళ కళ్ళు లక్షణంగా ఉన్నాయి."

బొమ్మ తిప్పి చూపించింది. కర్ర ఉంది. కర్ర మీద ముక్కూ, పెన్సిల్ గీతా ఉన్నాయి. నీలం లేదు. జమ్ము ఎండుగడ్డిలా పాలిపోయింది.

"ఎండ తగిలేచోట పెట్టారా?" అన్నాడు.

"కిటికీ ఎదురుగోడకి. బొమ్మల్ని చీకట్లో పెడతారా ఎవరైనా?"

మారు బొమ్మ వేసిస్తానని ఆవిడకి మాటిచ్చి, ఫ్రేములు కట్టే పెద్దాయన దగ్గరికి పరిగెత్తాడు. పెద్దాయన మేకులు ఊడదీసి, బొమ్మ చుట్టూ ఉన్న తెల్లట్ట పైకెత్తాడు. అట్ట కింద దాగిన అంగుళం మేర రంగు నిన్న వేసినట్టు మెరిసింది. లోపలికి వస్తే బూడిద.

"ఏం రంగులు బాబూ?"

"సీసావి. పోస్టర్లకి వాడేవి."

పెద్దాయన కళ్ళజోడు తీసి లుంగీ అంచుకి తుడుచుకున్నాడు. "అవి కెమెరా ముందు ఒక పూట నిలబడటానికి చేసిన రంగులు. పెళ్ళికూతురి మేకప్పులాంటివి. ఫొటో దిగాక వాటి పని అయిపోయింది. వెలుతురు తగిలితే దిగిపోతాయి."

"ఫ్రేములు కట్టేటప్పుడు చెప్పొచ్చుగా పెద్దాయనా."

"నువ్వడిగింది ఫ్రేము. ఇన్నేళ్ళు రంగుల్లో మునిగినవాడివి, నేను నీకు చెప్పడమేంటనుకున్నా."

ఇంటికొచ్చి గోడల మీదవన్నీ దించి, అట్టలెత్తి చూశాడు. అన్నిటిదీ అదే వరస. రోజూ చూసే మొహం ముసలిదైపోయిందని మనకి తెలియనట్టు, ఇంట్లో ఉన్నవాటి సంగతి అతనికి తెలియనే లేదు. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి. అట్టల కింద మిగిలిన ఆ అంగుళం రంగుని దగ్గరగా పెట్టుకుని చూస్తే, ఆ పచ్చ మడుగుది కాదు. బ్రోషర్‌ది. బాస్ వెనక నిలబడి ఇంకాస్త, ఇంకాస్త అన్న పచ్చ. కంప్యూటర్ తెరిచి ఫైళ్ళు చూశాడు. అవి ఇంకా ఘోరం. కాగితం మీద రంగు పోయింది. తెర మీద ఉన్నది ఎప్పుడూ నిజం కాదు.

సాయంత్రం భార్య చెప్పులు విప్పుతుండగానే జరిగింది చెప్పాడు.

"మిగతావాళ్ళు అడిగారా?"

"ఇంకా లేదు."

"అయితే నోరు మూసుకుని కూర్చోండి అనాలి నేను," అంది. కూర్చుని పాదాలు ఒత్తుకుంది. "కానీ మా ల్యాబులో రిపోర్టు తప్పు వెళ్ళిందని తెలిస్తే నేనే ఫోన్ చేసి పిలుస్తాను. తిడతారు. తిట్టించుకుంటూనే మళ్ళీ సూది గుచ్చుతాను. కార్డులు కొట్టించుకున్నారుగా. తిరగండి ఇల్లిల్లూ."

తిరిగాడు. పదిహేడిళ్ళు. తిడతారనుకుని గుండె చిక్కబట్టుకుని వెళ్ళాడు గానీ, అది కూడా దక్కలేదు. ఒకావిడకి ఆ బొమ్మ కొన్నట్టే గుర్తులేదు, మంచం కింద వెతికి తీసింది, చుట్టిన కాగితం కూడా విప్పలేదు. రిటైరైన లెక్కల మాస్టారు, "ఇప్పుడే బాగుందయ్యా, మంచు పట్టినట్టు," అన్నాడు. ఇంకొకాయన గోడకి తగిలించినదాన్ని ముట్టుకోనివ్వలేదు. "సోఫాకి సరిగ్గా కలిసింది ఈ మధ్యే. మళ్ళీ నీలం చేస్తే సోఫా మార్చాలి." మూడేళ్ళు ఒక మడుగుని కాగితాల మీద బతికించాననుకున్నవాడికి, అది చచ్చిపోయిన సంగతి పదిహేడిళ్ళలో ఒక్కరూ గమనించలేదని తెలిసింది. బొమ్మ పోయినందుకు ఏడవాలో, పోయినా ఫరవాలేదన్నందుకు ఏడవాలో తేలక, ఏడవకుండానే బస్సెక్కేవాడు.

ఈసారి నిలిచే రంగులు తెచ్చుకున్నాడు, ట్యూబులు. ఒక్కో రంగుని కాగితం పీలిక మీద పూసి, సగానికి నల్లకాగితం అంటించి, కిటికీ అద్దానికి వరసగా అతికించాడు. నల్లకాగితం తీసినప్పుడు రెండు సగాలూ ఒకేలా ఉన్న రంగునే ముట్టుకుంటానని ఒట్టు పెట్టుకున్నాడు. కొన్ని నెలలకి అలా ఏరగా తొమ్మిది మిగిలాయి. అన్నీ నీరసం రంగులే, మట్టిలోంచీ రాళ్ళలోంచీ వచ్చినవి. వాటితో డాక్టరమ్మకి మారు పిట్ట వెయ్యడానికి కూర్చున్నాడు. కుంచె ముంచాడు. అక్కడ ఆగిపోయాడు. కళ్ళు మూసుకుంటే జమ్ము కనపడుతోంది, రంగు మాత్రం బ్రోషర్ రంగే కనపడుతోంది. ఇరవై రెండేళ్ళు ఫొటోల్లో పెంచిన పచ్చ జ్ఞాపకంలోకి కూడా ఎక్కేసింది. అసలు మడుగు ఏ రంగులో ఉండేదో అతనికిప్పుడు తెలియదు. తెలిసిన చోటు ఒక్కటే. స్కానర్‌లో పట్టక తప్పించుకున్న పెద్ద బొమ్మ. కంటితో చూసింది చూసినట్టు వేసింది అదొక్కటే. లోపలి హాలు కదా, ఎండ పడదేమో. సగం రంగు మిగిలినా చాలు, పావు వంతు మిగిలినా చాలు, దాన్ని పట్టుకుని మిగతాదంతా మళ్ళీ కట్టుకురావచ్చు.

పొద్దున్నే గడ్డం గీసుకుని లేక్ వ్యూకి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. హాలు నిండా అద్దాల గోడలు. తూర్పెండ నేరుగా లోపలికొచ్చి నేల మీద పడుకుంది. ఈ ఎండకి ఏమీ మిగలదనుకుంటూ గోడ వంక చూశాడు.

కానీ గోడ మీద బొమ్మ ఉంది. కళ్ళు జిగేల్మనేలా ఉంది. జమ్ము చిలకపచ్చ, నీళ్ళు నెమలిమెడ నీలం, బురద తిన్నెల మీద గడ్డి. కింద అతని సంతకం, అచ్చం అతనిదే.

"ఇది... ఇది నేను వేసింది కాదమ్మా," అన్నాడు రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయితో.

"ప్రింటు సార్. పాతదేదో వెలిసిపోయిందట. ఫొటో ఉంటే మన బ్రోషర్లు చేసేవాళ్ళే బాగుచేసి పంపారు. ఫ్లాటు చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ దీని ముందే ఫొటోలు దిగుతారు. బాగుంది కదా సార్?"

బ్రోషర్లు చేసేవాళ్ళంటే ఎవరో, ఎవరి కుర్చీలో ఇప్పుడెవరు కూర్చుని పచ్చ పెంచారో అతను అడగలేదు. "పాతదేది?" అన్నాడు.

ఆ అమ్మాయికి తెలియదు. గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడగమంది.

వాచ్‌మన్‌కి వెంటనే గుర్తొచ్చింది. "ఆ పెద్దట్టా? అదిగో." గేటు లోపల స్తంభానికి ఇనుప తీగతో కట్టి ఉంది. నల్లరంగుతో పెద్ద బాణం, దాని కింద 'బయటివాళ్ళ కార్లు ఇటు'. అక్షరాలు మొదట్లో లావు, చివర్లో జాగా చాలక ఇరుక్కుపోయాయి. బాణం తల ఒక పక్కకి వాలిపోయింది.

అతను స్తంభం వెనక్కి వెళ్ళి చూశాడు. పడమటెండకి ఎదురుగా ఉంది బొమ్మ. అట్టకి అంటించిన కాగితం ఉంది. దాని మీద పెన్సిల్ గీతలున్నాయి, డిపో గోడ మీద నుంచి చూస్తే ఏది ఎక్కడుండేదో అన్నీ సరిగ్గా. రంగు ఒక్కటే మిగిలింది, పుస్తకాల షాపులో తెచ్చిన చవక గోధుమరంగు. నీళ్ళు లేవు, జమ్ము లేదు, పిట్టల్లేవు. బురద తిన్నెలు మాత్రం చెక్కుచెదరలేదు. మిగతాదంతా తెలుపు. వదిలేసిన తెలుపు కాదు, పోయిన తెలుపు. అతను వేలితో ఒక చోట రాసి చూశాడు. దుమ్మొచ్చింది.

"తీసుకెళ్ళొచ్చా దీన్ని?"

"అమ్మో, అది తీస్తే బాణమెవరు చూపిస్తారు సార్? రోజంతా నేను చెయ్యి చాపుకుని నిలబడాలా?" వాచ్‌మన్ కుర్చీ జరిపి, మర్యాదగా అన్నాడు. "ఆ పక్కన ఏమీ లేదు సార్, ఖాళీ అట్టే. నేనే చూసి తిప్పి కట్టాను. మీకెందుకది?"

అతను తిరిగి ముందువైపుకొచ్చి నిలబడ్డాడు. ఎంత వద్దనుకున్నా కళ్ళు ఆ అక్షరాల మీదికే పోతున్నాయి. అక్షరాల మధ్య ఎడం తప్పు. కొలత తప్పు. బాణం చూసినవాడు కుడికి వెళ్ళాలో, గోతిలోకి వెళ్ళాలో తెలియదు.

"ఈ రంగుందా ఇంకా?"

"ఎనామిలు సార్, గేటుకి వేసింది. డబ్బాలో కాస్త ఉండాలి."

గట్టిపడ్డ కుంచెని కిరసనాయిల్లో నానబెట్టి, మెత్తబడేదాకా ఆగాడు. వాచ్‌మన్ గీతలు కొట్టుకోవడానికి సుతిలి తాడు పట్టుకున్నాడు. పాత అక్షరాల మీద వాచ్‌మన్ తెచ్చిన తెల్ల పెయింటు పూసి, అది ఆరాక కొత్తవి వేశాడు. ఇరవై నిమిషాల్లో బాణం తిన్నగా నిలబడింది, రోడ్డవతలి నుంచి కూడా చదవొచ్చు.

"మీరు ఇదే పని చేస్తారా సార్?" అన్నాడు వాచ్‌మన్ మెచ్చుకోలుగా.

"ఆ."

"ఎండకీ వానకీ పోదు కదా?"

"పోదు."

బయట కారొకటి హారన్ కొట్టింది. వాచ్‌మన్ పరిగెత్తి గేటు తెరిచాడు. కారు లోపలికొచ్చి, ఒక్క క్షణం ఆగి, బాణం చూసుకుని కుడికి తిరిగింది. దారికడ్డంగా నిలబడి ఉన్నాడు గనక, అతను డబ్బా చేత్తో పట్టుకుని పక్కకి తప్పుకున్నాడు.